పదిహేనో విద్య

రాగిరేకు చెక్కిన కంసాలి నుంచి తోలుబొమ్మకు వెలుగు తెచ్చే పనివాడి దాకా కళాకారులందరికీ ప్రాణమైన పనిముట్టు ఒకటుంటుంది. ఆ మమకారం వెనక ఉన్నదంతా చదువే. ఆ చదువు చెప్పే కొలుములు మన కళ్లముందే ఆరిపోతున్నాయి.

ఆయుధపూజ నాడు పుదుచ్చేరి దగ్గరి బాహూరు బజారులో పని చప్పుడు వినపడదు. వెల్డింగు షాపు గుమ్మానికి అరటి పిలకలు కట్టి ఉంటాయి. ట్రాక్టరుకు బంతిపూల దండ, చక్రాల కింద నిమ్మకాయలు. దర్జీ కుట్టుమిషను మీద విభూతి పట్టెలు, కత్తెర మీద కుంకుమ బొట్టు. వడ్రంగి కొట్టులో పీట మీద అరిటాకు పరిచి, కడిగి తుడిచిన ఉలులను వరసగా పేరుస్తారు. పెద్దది, చిన్నది, గుండ్రటి మొనది, వంకరది. పక్కన మరమరాలు, పుట్నాలపప్పు, బెల్లం, శనగ గుగ్గిళ్లు. కర్పూరం వెలిగించి, గుమ్మడికాయ పగలగొట్టాక ఆ రోజుకు వాటిని ఎవరూ ముట్టుకోరు. మర్నాడు విజయదశమికి మళ్లీ చేతికి తీసుకుంటారు.

ఇలాంటి వరసను నిదానంగా చూస్తే చివర్లో ఒక పొట్టి ఉలి కనబడుతుంది. సానపట్టగా సానపట్టగా అరిగి వేలెడు మిగిలి ఉంటుంది. పిడి చేతి చెమటకు నల్లబడి, నున్నబడి ఉంటుంది. దానితో ఇప్పుడు పెద్ద పని జరగదు. అయినా పారేయరు. అది తండ్రి వాడినదో, పని నేర్పిన మేస్త్రి ఇచ్చినదో అయి ఉంటుంది. రాతి పనివాళ్ల మూటలోనో, బొమ్మలు చేసేవాళ్ల పెట్టెలోనో, దర్జీ సొరుగులోనో అలాంటిది ఒకటి దొరుకుతుంది.

పాత వస్తువు మీద పెంచుకున్న అభిమానం అనుకుని మనం దాన్ని దాటిపోతాం. కానీ పనివాడికి ఆ ఉలి ఒక పుస్తకం. ఏళ్ల తరబడి చేతికి వచ్చిన చదువంతా దాని అంచులో, పిడిలో, బరువులో ఉంటుంది. గుడి తలుపుల నుంచి దేవుడి విగ్రహాల దాకా కంప్యూటరుతో నడిచే మరలు చెక్కిపెడుతున్న రోజులివి. పనిముట్లు కొనుక్కోమని ప్రభుత్వమే డబ్బులిస్తున్న రోజులు కూడా ఇవే. ఈ సమయంలో ఆ చదువు సంగతి ఒకసారి మాట్లాడుకోవాలి. మొదలుపెట్టడానికి బాహూరును మించిన చోటు లేదు. ఎందుకంటే పదకొండు వందల ఏళ్ల కిందట ఈ ఊరి బడి కోసం ఒక కంసాలి పట్టిన ఉలి రాత ఇప్పటికీ చెరగలేదు.

రాగిరేకుల మీద ఒక పేరు

పుదుచ్చేరి పట్టణానికి దక్షిణంగా దాదాపు ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉంది బాహూరు. చుట్టూ వరిపొలాలు, పక్కన పెద్ద చెరువు. 1879లో ఈ ఊరి దగ్గర కొన్ని రాగిరేకులు దొరికాయి. మొత్తం ఐదు రేకులు. వాటిని కలిపి గుచ్చిన కడియం, కడియానికి పల్లవుల నంది ముద్ర. పల్లవ రాజు నృపతుంగవర్మ ఎనిమిదో పాలనా సంవత్సరంలో, అంటే సుమారు క్రీస్తు శకం 877లో వేయించిన శాసనం అది. కొంత సంస్కృతం, కొంత తమిళం. బాహూరులోని విద్యాస్థానం ఖర్చులకు మూడు ఊళ్ల ఆదాయం ఇస్తున్నట్టు అందులో ఉంది.

దక్షిణాదిలో చదువుల చరిత్ర రాసేవాళ్లెవరూ ఈ శాసనాన్ని వదలరు. నాటి సంప్రదాయం ప్రకారం విద్యాస్థానాలు పద్నాలుగు. నాలుగు వేదాలు, ఆరు వేదాంగాలు, మీమాంస, న్యాయం, పురాణం, ధర్మశాస్త్రం. ఆ చదువులకు పేరుపడిన ఊరు బాహూరు. రాజు దానం, బడి గొప్పతనం, ఊళ్ల ఎల్లలు... ఇవన్నీ చరిత్రకారులు వివరంగా రాశారు.

శాసనం చివర ఇంకో సంగతి ఉంది. దాన్ని రాసినవాడు నృపతుంగుడనే స్వర్ణకారుడు. రాజు పేరే తన పేరు. కంచికి చెందినవాడు. పల్లవ వంశాన్ని తరతరాలుగా కొలుస్తున్న కుటుంబం అతనిది. కవి కట్టిన శ్లోకాలను, లెక్కప్రకారం రాసిన ఎల్లలను రాగిలోకి దింపినవాడు అతనే. దిద్దుకోవడానికి వీల్లేని పని అది. తాటాకు మీద తప్పు పడితే ఆకు మార్చుకోవచ్చు. రాగిలో గాటు లోతుగా పడితే పడినట్టే. రేకును సాగగొట్టి, చదును చేసి, అక్షరాలకు జాడ వేసుకుని, చిన్న ఉలితో, సుత్తి చిరుదెబ్బలతో ఒక్కొక్క గీతనూ తొలుచుకుంటూ పోవాలి. దెబ్బ ఎక్కువైతే రేకు వెనక్కి పొంగుతుంది, తక్కువైతే అక్షరం నిలవదు.

నృపతుంగుడు వాడిన ఉలి మనకు దొరకలేదు. విద్యాస్థానం భవనాలూ నిలవలేదు. ఆ బడి ఉండేదని మనకు తెలియడానికి కారణం ఆ ఉలి చేసిన పనే. వేదాంగాల జాబితాలో గానీ, శాస్త్రాల జాబితాలో గానీ కంసాలి ఉలికి చోటు లేదు. పద్నాలుగు విద్యల్ని కాపాడింది మాత్రం లెక్కలోకి రాని ఈ పదిహేనో విద్యే.

▪ బాహూరు: తెలుసుకోవాల్సినవి

• పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతానికి ధాన్యాగారమని పేరు. ఇక్కడి చెరువు పుదుచ్చేరి ప్రాంతంలో ఊసుడు చెరువు తర్వాత పెద్దది.
• తెన్‌పెన్నై నది నీళ్లు బంగారు కాలువ గుండా ఈ చెరువుకు చేరతాయి.
• ఊళ్లోని మూలనాథర్ ఆలయం చోళుల కాలపు రాతి కట్టడం. గోడల మీద చోళ శాసనాలతో పాటు రాష్ట్రకూట రాజు మూడో కృష్ణుడి కాలపు శాసనాలూ ఉన్నాయి.
• ఆలయ పీఠం మీద నాట్య భంగిమల్లో చిన్న చిన్న శిల్పాలు కనిపిస్తాయి. ఒంగి దగ్గరగా చూస్తే తప్ప కళ్లకు ఆనవు.

చేతికి ఎదిగే ఉలి

మూలనాథర్ గుడి పీఠం మీది నర్తకిని చూడండి. ఎంతో చిన్న బొమ్మ. మోకాలి వంపు, నడుము విరుపు, చేతి ముద్ర అంత చిన్న చోటులో ఇమిడాయి. గట్టిరాతిని ఉలితో కోయడం కుదరదు. మొన ఆనించి సుత్తితో కొడితే రాయి పొడిగా రాలుతుంది. ఎంత రాలాలో అంతే రాల్చడం శిల్పి విద్య. ఆ కొలత కంటికి కనబడదు, చేతికే తెలుస్తుంది. రాయి సరిగ్గా తెగుతుంటే ఒక మోత, లోపల పగులుంటే మరో మోత. ఉలి అదురు అరచేతిలోకి వస్తుంది. ఆ అదురును చదవడానికి శిల్పికి ఏళ్లు పడుతుంది.

ఇక్కడే ఉలికీ మనిషికీ బంధం మొదలవుతుంది. ఒకే కొలిమిలో ఒకే ఇనుముతో చేసిన రెండు ఉలులు మొదటి రోజు ఒక్కలాగే ఉంటాయి. రెండేళ్ల తర్వాత వాటికి పోలిక ఉండదు. ఒకరు ఎడమకు వాల్చి కొడతారు, ఇంకొకరు నిలువుగా కొడతారు. ఒకరు అంచును పలచగా సానపడతారు, ఒకరు మందంగా ఉంచుకుంటారు. పిడి మీద బొటనవేలు ఆనే చోట గుంట పడుతుంది. ఉలి ఆ చేతికే సరిపోయేలా తయారవుతుంది. అందుకే పనివాళ్లు డబ్బు అప్పిస్తారేమో కానీ సొంత ఉలి అరువివ్వడానికి వెనకాడతారు. వేరే చెయ్యి పడితే అంచు తిరిగిపోతుందన్నది వాళ్ల భయం. అది మూఢనమ్మకం కాదు. అంచు వాలు కొంచెం మారినా గాటు మారుతుంది.

పదును సంగతి ఇంకా సున్నితం. ఉక్కును ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే గట్టిపడుతుంది. మరీ గట్టిపడితే గాజులా పెళుసెక్కి మొన విరుగుతుంది. అందుకని మళ్లీ కొద్దిగా వేడి చేస్తారు. రుద్ది తెల్లగా చేసిన చోట రంగులు పాకుతాయి. ముందు గడ్డిరంగు, తర్వాత గోధుమ, ఆపైన ఊదా, చివరికి నీలం. ఏ రంగు దగ్గర ఆపి నీళ్లలో ముంచాలన్నది పనిని బట్టి ఉంటుంది. రాతికి ఒకటి, కర్రకు ఒకటి, తోలుకు ఒకటి. రెప్పపాటు ఆలస్యమైతే ఉలి చెడినట్టే. కొలిమి చుట్టూ చీకటిగా ఉంచుకునేది కాలిన ఉక్కు ఎరుపు ఎంతో తెలియాలనే.

రాతిపని చోట రోజంతా మొనలు మొద్దుబారుతూనే ఉంటాయి. కాబట్టి శిల్పికి పక్కనే చిన్న కొలిమి కావాలి. ఉలి పదును పెట్టడం రాని శిల్పి ఇంకొకరి మీద ఆధారపడ్డవాడే. ములుగు జిల్లా పాలంపేటలో 1213 నాటి రామప్ప గుడి మదనికల్ని చూసి ప్రపంచం ఆశ్చర్యపోతుంది. 2021లో యునెస్కో దానికి ప్రపంచ వారసత్వ హోదా ఇచ్చింది. ఆ నల్లరాతి నునుపులో శిల్పి ఎంత ఉన్నాడో, అతని ఉలికి మొన పెట్టిన కమ్మరి అంత ఉన్నాడు. రామప్ప అన్న శిల్పి పేరు జనం నోట నిలిచింది. కమ్మరి పేరు ఎవరికీ తెలియదు.

చిల్లుల్లోంచి వచ్చే వెలుగు

శ్రీసత్యసాయి జిల్లా ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలకు పెట్టింది పేరు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును శుభ్రం చేసి, వెలుతురు దూరేంత పలచగా చేసి, దాని మీద రాముణ్నో రావణుణ్నో గీస్తారు. రంగులు వేస్తారు. బొమ్మకు ప్రాణం వచ్చేది మాత్రం ఉలితో.

తోలు కింద చెక్కదిమ్మ పెట్టి, చిన్న చిన్న ఉలులతో చిల్లులు కొడతారు. గుండ్రంవి, అర్ధచంద్రాలు, గింజల ఆకారంలోవి. కిరీటంలో రాళ్లు, మెడలో హారాలు, చీర అంచులు అన్నీ చిల్లులే. పగటిపూట చేతిలో పట్టుకు చూస్తే అవి ఉత్త రంధ్రాలు. తెర వెనక దీపం పెడితే నగలు మెరుస్తాయి. తోలును ఎంత తీసేస్తే బొమ్మకు అంత సింగారం. పొరపాటున రెండు చిల్లులు కలిసిపోతే తోలు చిరిగి, అంతకుముందు చేసిన పనంతా వృథా అవుతుంది.

ఆ ఉలుల కట్ట ఆ ఇళ్లల్లో ఆస్తి కిందే లెక్క. ఒక్కో ఆకారానికి ఒక్కో ఉలి. ఒకటి పోతే ఒక నగ నమూనా పోయినట్టే. బొమ్మలాటలు తగ్గిపోయి ఇప్పుడు దీపాల గుమ్మటాలు, గోడ బొమ్మలు చేసి బతుకుతున్నా వాటి మీద పడుతున్న చిల్లులు పాత చిల్లులే. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ గుర్తింపు పత్రం కాపాడవలసిన వాటిలో బొమ్మతో పాటు ఆ ఉలుల కట్ట కూడా ఉండాలి.

విజయనగరం జిల్లా బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశంవారు చేసే వీణల కథ కూడా ఇదే. పనసదుంగ ఒక్కదాన్నే తొలిచి కుండ, దండి, తల అన్నీ అందులోంచే తీస్తారు. అతుకు ఉండదు. కుండ లోపలి గోడ ఎంత మందం ఉండాలో బయటికి కనబడదు. ఉలి దెబ్బకు చెక్క పలికే తీరును బట్టి ఆపాలి. ఎక్కువ తొలిస్తే పగులుతుంది, తక్కువ తొలిస్తే నాదం మూగబోతుంది. వీణ వాయించక ముందే దాని శ్రుతి ఉలి పట్టిన చెవికి తెలియాలి.

గంటం పట్టిన కవులు

కోసే పనిముట్టుతో బంధం కంసాలికీ, శిల్పికీ మాత్రమే కాదు, కవికీ ఉండేది. కాగితం ఇంటింటికీ రాకముందు కవిత్వమంతా గంటంతోనే. ఎడమచేతిలో తాటాకు, కుడిచేతిలో ఇనుప గంటం. ఎడమ బొటనవేలి గోరుకు చిన్న గాటు చేసుకుని అందులో గంటం మొన ఆనించేవారు. ఆకు పీచు వెంట బలంగా గీస్తే చీలుతుంది. కాబట్టి చెయ్యి వంపు తిరుగుతూ సాగాలి. గీతలు పడ్డాక మసి, ఆకు పసరు రుద్దితే అక్షరాలు తేలేవి. అప్పటిదాకా రాసింది రాసినవాడికే సరిగా కనబడదు. వేళ్లే అక్షరాన్ని చూసుకునేవి. కొన్ని గంటాలకు రెండో కొస కత్తిగా ఉండేది, ఆకు అంచులు కోసుకోవడానికి.

పుదుచ్చేరికీ తెలుగు గంటానికీ చుట్టరికం ఉంది. ఫ్రెంచి గవర్నరు డూప్లే దగ్గర దుబాసీగా పనిచేసిన ఆనందరంగపిళ్లై (1709–1761) దినచర్యలు చరిత్రకారులకు గని. ఆయన తెలుగు కవుల్నీ ఆదరించాడు. కస్తూరి రంగకవి తెలుగు ఛందస్సు మీద రాసిన ‘ఆనందరంగరాట్ఛందము’ ఆయన పేరు మీదే వెలిసింది. 1955లో మొదలైన పుదుచ్చేరి ఫ్రెంచి పరిశోధన సంస్థ తాటాకు గ్రంథాలకు పెద్ద ఆలవాలమైంది. పుదుచ్చేరిలోని శైవ తాళపత్రాలను 2005లో యునెస్కో ప్రపంచ జ్ఞాపకాల జాబితాలో చేర్చింది. ఆ వేలాది ఆకుల మీద ప్రతి అక్షరమూ ఎవరో ఒకరి గంటం గాటే.

మనం రోజూ పాడుకునే అన్నమయ్య కీర్తనలు నేటికి చేరింది కూడా ఇలాగే. తాళ్లపాకవారి పాటల్ని తిరుమల సంకీర్తన భండారంలో రాగిరేకుల మీద చెక్కించి దాచారు. తాటాకు మీదే వదిలేసి ఉంటే ఎన్ని మిగిలేవో! పాట కట్టినవారిని తలచుకుంటాం, రేకులు వెలికి తెచ్చిన పండితులను తలచుకుంటాం. అక్షరం అక్షరాన్నీ రాగిలో పొదిగిన ఆ కంసాలులనూ వాళ్లతో కలిపి తలచుకోవడం మన ధర్మం.

▪ తెలంగాణ ఉక్కు, లండన్ కత్తి

నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఒకప్పుడు మూసలో కరిగించి చేసే ఉక్కుకు ప్రసిద్ధి. పర్షియా వర్తకులు అక్కడికి వచ్చి కొనుక్కుపోయేవారు. పశ్చిమాసియాలో పేరు మోసిన కత్తులకు దక్షిణ భారతపు ఉక్కు ముడిసరుకు. 1820ల్లో హెన్రీ వోయ్సీ అనే ఆంగ్లేయుడు ఆ పని స్వయంగా చూసి రాశాడు. లండన్‌లో కత్తులు, శస్త్రచికిత్స పనిముట్లు చేసే జేమ్స్ స్టోడార్ట్ భారతీయ ఉక్కు అంటే ప్రాణం పెట్టేవాడు. సన్నని పదును నిలబెట్టడంలో దానికి సాటి లేదని నమ్మాడు. శాస్త్రవేత్త మైకేల్ ఫారడేతో కలిసి ఆ ఉక్కు రహస్యం కనుక్కోవడానికి 1819 నుంచి కొన్నేళ్లు ప్రయోగాలు చేశాడు.

మంచం మీద కత్తెర

పనిముట్టు మీద ప్రేమ మనిషిని రెండోసారి బతికించిన కథ ఒకటుంది. ఫ్రెంచి చిత్రకారుడు హెన్రీ మతీస్‌కు 1941లో పేగుల్లో పెద్ద ఆపరేషన్ జరిగింది. డెబ్బై దాటిన వయసు. చక్రాల కుర్చీ, మంచం. బొమ్మ ముందు గంటల తరబడి నిలబడి రంగులు వేసే శక్తి లేదు. ఆయన కత్తెర పట్టుకున్నాడు. సహాయకులు కాగితాలకు రంగు పూసి ఇస్తే వాటిని నేరుగా కత్తిరించి ఆకులు, పక్షులు, ఈతగాళ్లు, నర్తకులను తీశాడు. ముందు పెన్సిలు గీత లేదు. కత్తెర సాగిన దారే గీత. రంగులోకి నేరుగా కోసుకుపోవడం తనకు శిల్పి రాతిని చెక్కడాన్ని గుర్తు చేస్తుందని ఆయన రాసుకున్నాడు. 1947లో వచ్చిన ‘జాజ్’ పుస్తకం ఆ కత్తెర పనే. 1954లో కన్నుమూసే దాకా దాన్ని వదల్లేదు.

మన కె. లక్ష్మాగౌడ్‌ది సూది కథ. 1940లో మెదక్ ప్రాంతపు నిజాంపూర్‌లో పుట్టిన ఆయన బరోడాలో ముద్రణ చిత్రకళ నేర్చుకున్నారు. లోహపు పలక మీద మైనపు పూత పూసి, సూదిమొనతో గీసి, ఆమ్లంలో ముంచితే గీసిన మేర లోహం తినబడి గాడి పడుతుంది. అందులో సిరా నింపి కాగితం మీద అద్దుతారు. తెలంగాణ పల్లెల మనుషులు, మేకలు, చెట్లు ఆ సన్నటి గీతల్లోంచే దేశమంతా తిరిగాయి. 2016లో పద్మశ్రీ అందుకున్నారు. రాగి మీద ఉలి పట్టిన బాహూరు రేకుల కంసాలికీ, పలక మీద సూది పట్టిన ఈ చిత్రకారుడికీ మధ్య వెయ్యేళ్ల దూరం. లోహంలో గీత దింపేటప్పుడు చేతికి కావలసిన నిగ్రహం మాత్రం ఒకటే.

జపాన్‌లో ఈ బంధానికి మరో ముఖం ఉంది. హోర్యూజీ గుడి వడ్రంగి నిషియోకా త్సునెకజు (1908–1995) పాత దూలాల మీద ఉన్న గాట్లను చూసి ఒక అనుమానంలో పడ్డాడు. అప్పటి చిత్రికలతో అలాంటి గాట్లు పడవు. ఈటె మొనలాంటి పాతకాలపు పనిముట్టుతో పడ్డవవి. అది శతాబ్దాల కిందటే వాడుకలోంచి పోయింది. ఆయన పాత నమూనాలు వెతికి, కమ్మరితో కొత్తగా చేయించి, పట్టడం నేర్చుకుని, పాత గుళ్ల మరమ్మతుకు వాడాడు. ఒక పనిముట్టు మాయమైతే దాంతో పోయిన విద్యను తిరిగి తేవడానికి ఒక జీవితం పట్టింది.

▪ సూదులకు వీడ్కోలు

జపాన్‌లో ఏటా విరిగిన సూదులకు పూజ చేస్తారు. చాలాచోట్ల ఫిబ్రవరి 8న దర్జీలు, ఇళ్లల్లో కుట్టుపని చేసేవాళ్లు గుడికి వచ్చి, ఏడాదంతా గట్టి బట్టలు కుట్టి అలసిన సూదులను మెత్తటి సోయా జున్నులో గుచ్చి కృతజ్ఞతలు చెప్పుకుంటారు.

కొలిమి ఆరిపోతే

ఇప్పుడు మన సంగతికి వద్దాం. ఇష్టమైన ఉలి ఎందుకు కరువవుతోంది?

మొదటి కారణం కమ్మరి. ఊరి కమ్మరికి బతుకుతెరువు కొడవళ్లు, కర్రులు, గొడ్డళ్లు. కళాకారుల ఉలులు పక్కపని. వరికోత మిషన్లు వచ్చాయి, ట్రాక్టర్లు వచ్చాయి. బాహూరు లాంటి వరి ప్రాంతంలోనూ కొడవలి పని తగ్గింది. రైతు పని పోయాక శిల్పి తెచ్చే నాలుగు ఉలుల కోసం కొలిమి వెలిగించడం ఎవరికీ గిట్టదు. కమ్మరి కొడుకు వెల్డింగు షాపు పెట్టుకున్నాడు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. కానీ రంగు చూసి ఉక్కు పదును ఆపే కన్ను ఆ తరంతో వెళ్లిపోయింది.

రెండోది మర. ఆళ్లగడ్డలోనైనా, మహాబలిపురంలోనైనా రాయి కోసే చక్రం మిషను మోత ఇప్పుడు మామూలు. మొనకు అతి గట్టి లోహం అతికించిన ఉలులు బజారులో దొరుకుతాయి. చాలాకాలం మొద్దుబారవు. శ్రమ తగ్గింది, వేగం పెరిగింది. పనివాడి వెన్నుకు, భుజాలకు అది మేలే. దాన్ని కాదనే హక్కు మనకు లేదు. అయితే మర లేపే సన్నటి రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని సిలికోసిస్ తెస్తుంది. తడి చేసి కోయడం, మంచి మాస్కు వాడటం తప్పనిసరి కావాలి. పని సులువు చేసే యంత్రం పనివాడి ఆయుష్షు తినకూడదు.

మూడోది మనమే. కొనేవాళ్లం. పూర్తిగా మర చెక్కిన తలుపుకూ, చేత్తో చెక్కిన తలుపుకూ తేడా అడగం. ధర ఒక్కటే అడుగుతాం. ఒకే నమూనా నూరు తలుపుల మీద ఒక్కలా పడితే అది నేర్పు అనుకుంటాం. చేతి ఉలి పడిన చోట వెలుగు ఒక్కోచోట ఒక్కోలా విరుగుతుంది. ఆ తేడాను గుర్తుపట్టే కళ్లు మనకు తగ్గుతున్నాయి.

పదిహేను వేల రూపాయల ప్రశ్న

2023 సెప్టెంబరు 17న విశ్వకర్మ జయంతి నాడు కేంద్రం ‘పీఎం విశ్వకర్మ’ పథకం తెచ్చింది. పద్దెనిమిది వృత్తులవారికి శిక్షణ, శిక్షణ రోజుల్లో రోజుకు 500 రూపాయల భత్యం, 15,000 రూపాయల దాకా పనిముట్ల సాయం, రెండు విడతలుగా మొత్తం మూడు లక్షల దాకా 5 శాతం వడ్డీకి రుణం. వడ్రంగి, కంసాలి, శిల్పి, దర్జీ, బొమ్మల తయారీదారులు అందులో ఉన్నారు. పనిముట్లకు సర్కారు విలువ కట్టడం మంచి మాట.

మా కోరిక ఒక్కటే. ఒకే రకం పెట్టె అందరికీ సరిపోదు. తోలుబొమ్మ చేసే మనిషికి కావలసిన అర్ధచంద్రాకారపు ఉలి ఏ కంపెనీ పెట్టెలోనూ రాదు. వీణ కుండ లోపల తిరిగే వంకర ఉలి చేయించుకోవాలే గానీ కొనలేం. అదే పథకం జాబితాలో కమ్మరి ఉన్నాడు, సుత్తులు, పనిముట్లు తయారుచేసేవాళ్లూ ఉన్నారు. అంటే అవసరం ఉన్న చెయ్యీ, తీర్చగల చెయ్యీ ఒకే కాగితం మీద ఉన్నాయి. ఆ సాయాన్ని దగ్గరి కమ్మరి దగ్గర కొలత ఇచ్చి చేయించుకోవడానికి కూడా వాడుకోనిస్తే ఒకే ఖర్చుతో రెండు వృత్తులు నిలుస్తాయి.

పాఠం కొలిమి దగ్గర మొదలు కావాలి

శిల్పవిద్యకు మనకు మంచి బడులే ఉన్నాయి. 1957లో మహాబలిపురంలో మొదలైన ప్రభుత్వ శిల్పకళాశాల, 1960లో తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం పెట్టిన సంప్రదాయ శిల్పశిక్షణ సంస్థ తరాల శిల్పులను తయారుచేశాయి. మహాబలిపురం కళాశాలను నడిపిన వి. గణపతి స్థపతి కన్యాకుమారిలో 133 అడుగుల తిరువళ్లువర్‌ను నిలబెట్టారు. రాయగిరి కొండరాతి నుంచి హుస్సేన్‌సాగర్ బుద్ధుణ్ని ఒకే శిలగా తీర్చిన ఘనత ఎస్.ఎం. గణపతి స్థపతిది. అంతెత్తు విగ్రహమైనా కనురెప్ప గీత దగ్గరికి వచ్చేసరికి ఒక చిన్న ఉలి, దాన్ని పట్టిన ఒక్క మనిషే మిగులుతారు.

ఆ ఒక్క ఉలిని సొంతంగా సానపట్టుకోవడం, కాల్చి పదును పెట్టుకోవడం కళ నేర్చే ప్రతి పిల్లవాడికీ, పిల్లకూ తొలి ఏడాది పాఠం కావాలి. లలితకళల కళాశాలల్లో కొలిమి ఉండాలి. ఊళ్లో మిగిలిన పెద్ద కమ్మరిని పిలిచి, గౌరవ వేతనమిచ్చి, గురువుగా కూర్చోబెట్టాలి. పనిముట్టును దుకాణంలో కొనుక్కున్న విద్యార్థికి అది వస్తువుగానే ఉంటుంది. తన చేత్తో పదును పెట్టుకున్న రోజు నుంచి అది జీవితకాలపు తోడవుతుంది.

మ్యూజియాలకు, హస్తకళల దుకాణాలకు ఇంకో మనవి. బొమ్మ పక్కన ఊరి పేరు రాస్తున్నారు, కొన్నిచోట్ల కళాకారుడి పేరూ రాస్తున్నారు. ఏ పనిముట్టుతో చేశారో, అది ఎవరు చేసిచ్చారో కూడా ఒక వాక్యం రాయండి. రాజు పేరు చెక్కిన రేకు మీదే కంసాలి పేరునూ నిలిపిన దేశం మనది. 877లో సాధ్యమైంది ఇప్పుడు సాధ్యం కాకపోవడానికి కారణం లేదు. పద్నాలుగు విద్యలకు మూడు ఊళ్ల ఆదాయం రాసిచ్చారు ఆనాటివాళ్లు. పదిహేనో విద్యకు ఊరికొక కొలిమి నిలబెట్టడం మన వంతు.